రక్తం ఎప్పుడో చెప్పింది

టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్లిన అత్త లోపల గడియ పెట్టుకుంది. అది పొద్దున. ఇప్పుడు ఎండ వంటింటి గట్టు మీదికి వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కోడలు రెండుసార్లు పిలిచింది. మళ్లీ పిలవడానికి నోరు రాలేదు.

హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిన సంచి హాల్లో కుర్చీ మీద సిద్ధంగా ఉంది. మార్చుకునే బట్టలు, తువ్వాలు, కళ్లజోడు డబ్బా, అన్నిటికన్నా పైన స్కాన్ ఫిల్ములున్న కవరు. మధ్యాహ్నంలోగా అత్తని వార్డులో చేర్చాలి. రేపు ఆపరేషన్. కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత మచ్చ ఉంది. అది ఉన్న ముక్కని కోసి తీసేస్తారు.

ఆ మచ్చ వల్ల అత్తకి దగ్గు లేదు, ఆయాసం లేదు. నిన్న పొద్దున కూడా మేడ మీది మొక్కలకి నీళ్ల బకెట్లు తనే మోసింది.

మరిది గుమ్మంలో నిలబడి కారు తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. అతను సిటీ బస్సు డ్రైవరు. పెళ్లయ్యాక వేరే కాపురం పెట్టాడు. ఇవాళ డ్యూటీకి సెలవు పెట్టి, తెలిసినవాళ్ల కారు అడిగి తెచ్చాడు. తల్లిని హాస్పిటల్‌లో దింపడానికే తెచ్చాడని కోడలు అనుకుంది.

"వదినా, ఇంక పిలవకు," అన్నాడు. "అమ్మ హాస్పిటల్‌కి రాదు. మా ఇంటికి తీసుకెళ్తా."

కోడలు తిరిగి చూసింది. "కారు అందుకా తెచ్చావు?"

"అందుకే తెచ్చా."

ఆమె కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టి, కుర్చీలో కూర్చుంది. 

నిన్న సాయంత్రం జరిగినదాని తర్వాత ముగ్గురిలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మొదలుపెట్టింది మరిదే. వంటింట్లో నిలబడి పాత పాటే ఎత్తుకున్నాడు. మచ్చ చిన్నది, మూడు నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దాం అని మొదట చెప్పింది ఆ డాక్టర్లే. తర్వాత రక్తం తీసుకుని, అందులో డీఎన్‌ఏ ఏదో చూసి, ఆగొద్దు కోసేద్దాం అంటున్నదీ వాళ్లే. నిక్షేపంలా తిరుగుతున్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి పక్కటెముకల మధ్య కోస్తారా అన్నాడు. ఇంత కాస్త రక్తం తీసి చూస్తే ఊపిరితిత్తిలో ఏముందో ఎలా తెలుస్తుందన్నాడు.

డాక్టరమ్మ తనకి చెప్పినట్టే కోడలు చెప్పబోయింది. గడ్డలోని కణాలు ఎప్పటికప్పుడు చచ్చిపోతుంటాయి. చచ్చినప్పుడు వాటిలోని డీఎన్‌ఏ ముక్కలైపోయి రక్తంలో కలుస్తుంది. మంచి కణాల ముక్కల మీద ఉండే గుర్తులు వేరు, చెడ్డవాటి మీద ఉండేవి వేరు. మచ్చ మంచిదో చెడ్డదో స్కాన్‌లో తేలనంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి ఆ ముక్కలు దొరుకుతాయి. అత్త రక్తంలో దొరికాయి.

మరిది సగం కూడా వినలేదు. కాకమ్మ కబుర్లు అని కొట్టిపారేశాడు. అంత గొప్ప పరీక్షయితే పోయిన అన్నయ్యకి ఎందుకు పనికిరాలేదని అడిగాడు.

అక్కడ కోడలు నోరు జారింది.

"మీ అన్నయ్య రక్తంలోనూ కనిపించింది," అంది.

అన్నాక చూసింది. మంచినీళ్ల కోసం వచ్చిన అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

అత్త నీళ్లు కూడా తాగకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఈ పొద్దుటిదాకా కోడలితో ఒక్క మాట లేదు.

ఆ సంగతి కోడలు నెల రోజులుగా కడుపులో దాచుకుంది. అత్తా, భర్తా ఒకే చోట పనిచేశారు. సిమెంటు రేకుల ఫ్యాక్టరీ. అత్త ఆస్‌బెస్టాస్ అనే రాతినార సంచులు విప్పి దులిపే షెడ్డులో చేసి రిటైరైంది. భర్త రేకులు కోసే రంపం దగ్గర. దగ్గు మొదలైనప్పుడు ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. దగ్గు మందు రాసిచ్చారు. ఆ రోజే ఈ ఛాతీ హాస్పిటల్ డాక్టరమ్మే, పరిశోధన కోసమని, ఫ్యాక్టరీ నుంచి దగ్గుతో వచ్చినవాళ్లందరి దగ్గరా కొంచెం రక్తం తీసుకుని ఫ్రీజర్‌లో దాచింది. అప్పటికి ఆ పరీక్ష తయారు కాలేదు, అలా దాచిన రక్తాలతోనే తర్వాత తయారుచేశారు. భర్త గొంతు బొంగురుపోయి, మనిషి సగమై, మళ్లీ వెళ్లేసరికి జబ్బు వెన్నెముక దాకా పాకింది. ఇంకేం చేయలేకపోయారు.

ఈ మధ్య అత్త రక్తం ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ పిలిచినప్పుడు, కోడలే అడిగింది, ఆయన రక్తం కూడా మీ దగ్గర ఉండాలి కదా అని. డాక్టరమ్మ తెలుసుకోవాలనుందా అని అడిగింది. ఉందని కోడలు అంది. అనకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

"నెల రోజులు," అన్నాడు మరిది ఇప్పుడు, ఆమె ఆలోచనలు వింటున్నట్టే. "నాకైనా చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

"ఏడ్చేవాణ్ణి. నాకు అన్న కాదా?"

కోడలు లేచి వెళ్లి అత్త గది తలుపుకి దగ్గరగా నిలబడింది. లోపల మంచం కిర్రుమంది. అంటే పడుకుని లేదు, కూర్చుని ఉంది.

"అత్తయ్యా, నా మీద కోపం ఉంటే తిట్టండి. హాస్పిటల్ నుంచి వచ్చాక ఎన్నాళ్లయినా తిట్టండి."

 కోడలు తలుపు చెక్కకి నుదురు ఆనించింది. చెప్పకపోవడం తప్పేనంది. చెబితే మీరు తట్టుకోలేరనుకున్నానంది. ఆ మాట నిజం కాదని తనకే అనిపించి, సర్దుకుంది. చెప్పడానికి తనకే ధైర్యం చాలలేదంది.

చాలాసేపటికి లోపలినుంచి గొంతు వచ్చింది. నిదానంగానే ఉంది.

"వాడిది అప్పుడు ఎంత ఉంది?"

"ఏంటత్తయ్యా?"

"మచ్చ. రక్తం తీసుకున్న రోజున. నాదంతేనా, పెద్దదా?"

"తెలీదత్తయ్యా."

"తెలిసీ తెలీదంటున్నావా?"

"ఈసారి నిజంగానే తెలీదు."

మళ్లీ మంచం కిర్రుమంది. ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి, నేను అడుగుతా, అంది అత్త. తలుపు తీయండి ఫోనిస్తానని కోడలు అంటే, తీయక్కర్లేదు, నాకు చెవులు బాగానే ఉన్నాయి అని జవాబొచ్చింది.

కోడలు ఫోన్ చేసింది. డాక్టరమ్మ ఓపీలో ఉన్నట్టుంది, వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి. పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పి, స్పీకరు పెట్టి, ఫోన్ తలుపుకి ఆనించి పట్టుకుంది.  మరిది తాళాలు తిప్పడం ఆపి దగ్గరికొచ్చాడు.

అత్త అదే ప్రశ్న వేసింది.

"ఆ రోజు స్కాన్ తీయలేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఎక్స్‌రే ఒక్కటే తీశారు. అందులో కనపడలేదంటే చిన్నదే అయ్యుండాలి. ఖాయంగా చెప్పలేను."

"అప్పుడే మీ ఫ్రీజర్‌లో ఉన్న రక్తానికి ఈ సంగతి తెలుసు."

"తెలుసు. దాన్ని చదవడం అప్పటికి మాకు రాదు."

"వచ్చుంటే నా కొడుకు బతికేవాడా?"

వెనక జనం మాటలు ఒక్కసారిగా తగ్గాయి. డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టుంది.

"బతికేవాడని చెప్పలేనమ్మా. అవకాశం ఉండేది. ఇప్పుడు మీకు ఉన్నట్టే."

మరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. అత్త మాత్రం వదల్లేదు. నాది తప్పయితే, అని అడిగింది. ఏమీ లేకుండానే నన్ను కోస్తే?

డాక్టరమ్మ దాచలేదు. తప్పు కావచ్చంది. రక్తం ఒక్కటే చూసి కోయడం లేదని, స్కాన్‌లో మచ్చ ఉంది, ఇన్నేళ్లు దుమ్ములో పనిచేశారు, ఈ మూడూ కలిపి చూసే చెబుతున్నామని అంది. అయినా మీలాంటి పదిమందిని కోస్తే ఒకరిద్దరికి ఏమీ లేదని తేలుతుంది. ఆ ఒకరిద్దరిలో మీరు లేరని రాసివ్వలేను. ఆగితే మచ్చ ఆగుతుందని కూడా రాసివ్వలేను.

 కోడలు ఫోన్ పెట్టేసింది.

"విన్నావుగా," అన్నాడు మరిది గొంతు తగ్గించి. "ఏమీ లేకపోవచ్చని ఆవిడే అంటోంది."

కోడలికి ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"ఏమీ లేదని మీ అన్నయ్యకి కూడా అన్నారు. ఆ మాట విని మనం నలుగురం ఎంత సంబరపడ్డామో గుర్తుందా? నువ్వే కదా స్వీట్లు తెచ్చావు."

మరిది మొహం పాలిపోయింది. ఆ మాట అని ఉండకూడదు. కోడలికి అంటున్నప్పుడే తెలుసు. ఆ రోజు మరిది స్వీటు ముక్క అన్న నోట్లో పెట్టబోతే, ముందు నువ్వు తినరా అని ఆయన దాన్ని తమ్ముడి నోట్లోనే కుక్కాడు. నలుగురూ పడీ పడీ నవ్వుతుంటే ఆయనకి దగ్గు తెర వచ్చింది. అది కూడా నవ్వులో కలిసిపోయింది.

"గుర్తుంది," అన్నాడు మరిది. "అందుకే భయం వదినా. నమ్మితే ఒకసారి అలా అయింది. మళ్లీ నమ్మమంటున్నావు. రేపు బల్ల మీదే ఏదైనా అయితే? అన్నయ్యని మోసిన భుజం ఇంకా నొప్పి తగ్గలేదు నాకు."

అతను గోడకి చేరబడ్డాడు. కోడలు ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది.  అతను భయపడేదే తనూ భయపడుతోంది. రేపు ఏదైనా అయితే అత్తని చంపింది తనే అవుతుంది. లోకం అనక్కర్లేదు, తను చాలు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

అత్త తల దువ్వుకుని ఉంది. కాళ్లకి చెప్పులున్నాయి. కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. టీ గ్లాసు తాగకుండా అలాగే తెచ్చి కోడలి చేతికిచ్చింది. టీ మీద మీగడ కట్టింది.

"వాడికి అందనిది నాకు అందింది," అంది అత్త. "ముసలిదాన్ని. వాడు పోయాక మిగిలినదాన్ని. వాడి రక్తం దాచిన ఫ్రీజర్‌లోంచే నాకు ఆయుష్షు తీసిస్తామంటున్నారు. అది తీసుకుంటే నేను తిన్నది అరుగుతుందా?"

"అరక్కపోతే అరక్కపోనివ్వండి," అంది కోడలు. "మీరు ఉండండి. చాలు."

"నేనుంటే నీకేంటి? రోజూ వంటింట్లో ఉప్పు తక్కువైందని, కుళాయి కట్టెయ్యలేదని పోట్లాడుకోవడమేగా మనం చేసేది."

"ఆ పోట్లాడ్డానికి నాకు ఇంకెవరున్నారత్తయ్యా?"

కోడలికి అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. గ్లాసు తొణికి టీ చేతి మీద పడింది. కార్ల సీటు కవర్లు కుట్టే షాపులో పని ఆమెది. మందపాటి రెక్సిన్ లాగి లాగి వేళ్లు కాయలు కాసి ఉంటాయి. అత్త ఆ చెయ్యి పట్టుకుని, తన కొంగుతో తుడిచింది. తుడిచాక కూడా వదల్లేదు.

"నువ్వు రక్తం ఇచ్చావా?" అని అడిగింది.

కోడలికి అర్థం కాలేదు. "నేనెందుకు? నేను ఫ్యాక్టరీలో చేయలేదుగా."

"చేయలేదు. వాడి బట్టలు దులిపిందెవరు? ఉతికిందెవరు?"

కోడలి చూపు పెరటి తలుపు మీదికి పోయింది.

పెళ్లయిన రోజుల నుంచి, సాయంత్రం ఆయన రాగానే నీలం రంగు యూనిఫాం విప్పి ఇచ్చేవాడు. పెరట్లో గోడకేసి కొట్టి దులిపేది. పిండిలాంటి తెల్లటి దుమ్ము లేచేది. జుట్టులో, కనురెప్పల మీద, ముక్కులో. ఆయన మెట్ల మీద కూర్చుని చూసి నవ్వేవాడు. అప్పుడే తల నెరిసిపోయిందే నీకు, అనేవాడు. ఆమె కావాలని తల విదిలించి ఆ దుమ్ము ఆయన మీద పడేసేది. అదే వాళ్ల సరదా. అన్ని సంవత్సరాలు.

ఇంట్లోవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవచ్చని డాక్టరమ్మ నెల కిందటే చెప్పింది. కోడలు తలూపింది. తలూపి, ఆ మాట అక్కడే వదిలేసి వచ్చింది.

"తర్వాత చూద్దాం అత్తయ్యా. ముందు మీది కానివ్వండి."

"తర్వాత కాదు. ఇవాళే. నువ్వు చెయ్యి చాపితే నేను వార్డులో చేరతా. లేదంటే చిన్నోడి కారెక్కి వాడింటికి పోతా."

"ఇదేమన్నా బేరమా?"

"బేరమే."

కోడలు మరిది వైపు చూసింది, అడ్డుపడతాడేమోనని. నెల రోజులుగా ఆ పరీక్ష మీద నిప్పులు చెరిగిన మనిషి ఏమీ అనలేదు. వదిన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అతనికీ ఆ పెరడు గుర్తొచ్చినట్టుంది. వంగి కింద ఉన్న సంచి అందుకున్నాడు.

"పదండి," అన్నాడు.

దారిలో మరిది బస్సు నడిపినట్టే కారు నడిపాడు, ప్రతి మలుపులోనూ అవసరం లేనంత వెడల్పుగా తిప్పుతూ. వెనక సీట్లో అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోడలు సీటు కవరు కుట్టు మీద గోరు రాస్తూ కూర్చుంది. కుట్టు వంకరగా ఉంది.

వార్డులో అత్తకి కిటికీ పక్క మంచం ఇచ్చారు. బీపీ చూశారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు. వేసుకోమని హాస్పిటల్ గౌను ఇస్తే, అత్త దాన్ని మడతపెట్టి తలగడ మీద పెట్టి లేచి నిలబడింది. ముందు అమ్మాయి పని అవనివ్వండి, అంది నర్సుతో. నర్సు కోప్పడబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకుంది.

రక్తం తీసే గది కింది అంతస్తులో ఉంది. అత్తని రావద్దని ముగ్గురు చెప్పినా వినలేదు. మరిది చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

కోడలు కుర్చీలో కూర్చుంది. ఈ కుర్చీ ఆమెకి కొత్త కాదు. భర్త ఇందులో కూర్చున్నప్పుడు పక్కన నిలబడింది. అత్త కూర్చున్నప్పుడూ పక్కన నిలబడి, ఇటు చూడకండి, అటు చూడండి అని చెప్పింది. ఇప్పుడు ఎటు చూడాలో తెలియలేదు. నర్సు మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది. పిడికిలి బిగించమంది. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పి, మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నలు మొదలుపెట్టింది.

వయసు. సిగరెట్లు తాగే అలవాటు. బరువేమైనా తగ్గారా. కోడలు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది.

"దగ్గుందా?"

"లేదు," అంది కోడలు.

ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. నర్సు తలూపి సూది అందుకుంది.

"ఉంది," అంది అత్త.

నర్సు చెయ్యి ఆగింది. మరిది తల్లి వైపు చూశాడు, తర్వాత వదిన వైపు.

"పొద్దున్నే, నేను లేవకముందు," అంది అత్త. "స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పుకుని దగ్గుతుంది. నీళ్ల చప్పుడులో నాకు వినపడదనుకుంటుంది. చలికాలం ముందునుంచీ."

"అత్తయ్యా," అంది కోడలు.  "ఎప్పుడూ అడగలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే."

అత్త వచ్చి పక్కన నిలబడి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. బరువైన చెయ్యి.

సూది దిగింది. గాజు గొట్టంలోకి రక్తం వస్తోంది. ఇటు చూడకు, అటు చూడమని కోడలికి ఎవరూ చెప్పలేదు.